ఒత్తిడి తగ్గడానికి నూనె మర్దన, ఒక పూట సెలవు

కర్నూలులో ఎండ త్వరగా ముదురుతుంది కనుక సెలవు రోజున పొద్దెక్కకముందే మర్దనకు కూర్చోవడం మేలు. నువ్వుల నూనె గిన్నెను వేడినీటిలో ఉంచి గోరువెచ్చగా చేసి, మెడ వెనుక నుంచి భుజాల మీదుగా అరచేతితో నెమ్మదిగా రుద్దాలి. బిగుసుకున్న చోట బొటనవేలితో కొద్దిసేపు నొక్కి వదలాలి గాని, వెన్నెముకపై నేరుగా బలం చూపకూడదు. చేతులకు, కాళ్లకు పొడవుగానూ కీళ్ల వద్ద గుండ్రంగానూ రుద్దితే చాలు. జ్వరం, చర్మంపై పుండ్లు, పిక్కలో వాపుతో కూడిన నొప్పి ఉన్నవారు మర్దన మానుకొని వైద్యుణ్ణి కలవాలి. అరగంట తర్వాత సున్నిపిండితో స్నానం చేయాలి (నూనె కాళ్లతో నడిస్తే మన ఇళ్లలోని బేతంచెర్ల బండలు జారుతాయి). ఆ పూటంతా ఫోన్ ఆపివేయాలి. సెలవు పెట్టి కూడా ఆఫీసు ఫోన్లు ఎత్తేవారికి ఆ సెలవు దక్కినట్టు కాదు. సాయంత్రం చల్లబడ్డాక తుంగభద్ర ఒడ్డుకో, వీలైతే ఓర్వకల్లు రాతివనానికో వెళ్లి రావచ్చు.