పెద్ద గుహలో తేడా కొడితే: లక్షణం, కారణం, పరిష్కారం

జయపురం, కోరాపుట్, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్లకు గుహ అంటే గుప్తేశ్వరం, ఇంకాస్త దూరం వెళ్తే బొర్రా. మెట్లు దిగి, దర్శనం చేసుకుని, కాసేపట్లో బయటికి వచ్చేస్తాం. ఆల్ప్స్ పర్వతాల్లోవీ సున్నపురాయి గుహలే గానీ అక్కడి లెక్క వేరు. స్విట్జర్లాండ్‌లోని హోలోఖ్ గుహలో ఇప్పటిదాకా కొలిచిన దారులే 200 కిలోమీటర్లు దాటాయి. చదువుకో ఉద్యోగానికో అటు వెళ్లి, అక్కడి కేవింగ్ (గుహల్లోకి దిగి తిరిగే) క్లబ్బులో చేరి, లోపలికి దిగబోయే మన పిల్లల కోసం రాస్తున్నాను.

ముందే ఒక మాట. గుహలో తప్పు జరిగేది ఒక చోట, అది బయటపడేది గంటల తర్వాత ఇంకో చోట. అందుకే కింద చాలా కారణాలు లక్షణం కనిపించిన చోట ఉండవు.

తిరిగి వస్తుంటే దారి కొత్తగా కనిపిస్తోంది

కారణం: వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. పక్క నుంచి ఏటవాలుగా వచ్చి కలిసే దారి, లోపలికి వెళ్తున్నప్పుడు మీ వెనక వైపు ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. తిరుగు ప్రయాణంలో మాత్రం అదే విశాలంగా, అసలు దారిలా ఎదురొస్తుంది. దీనికి తోడు ఆల్ప్స్ గుహలు మేడలా అంతస్తులుగా ఉంటాయి. హిమానీనదాలు లోయలను లోతుగా కోసేకొద్దీ భూగర్భ జలమట్టం కిందికి దిగింది. నీళ్లు కింద కొత్త సొరంగాలు చేసుకున్నాయి, పాతవి పైన ఎండిపోయి మిగిలాయి. గంట క్రితం నడిచిన దారికి సరిగ్గా పైన ఇప్పుడు మీరు నడుస్తూ ఉండవచ్చు. ఆ సంగతి మీకు తెలియదు.

పరిష్కారం: ప్రతి కూడలి దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారి ఎలా ఉందో చూడండి. ఫోన్‌లో ఫోటో తీయడం కన్నా నోటితో చెప్పుకోవడం మేలు: "విరిగిన స్తంభం కుడి చేతికి, బురద గట్టు దాటాక ఎడమకి" అని. మెరిసే టేపు ముక్కలు పెడితే అవి బయటికి వెళ్లే దారి వైపే ఉండాలని అందరూ ముందే అనుకోవాలి, వస్తూ తీసేయాలి. గోడల మీద బాణాలు గీయడం, పేర్లు చెక్కడం వద్దు. ఆ అలవాటు మన దగ్గరే ఎక్కువైపోయింది, అక్కడికి కూడా మోసుకెళ్లక్కర్లేదు.

ఇప్పటికే దారి తప్పారా? కూర్చోండి. ఒక్క లైటు ఉంచి మిగతావి ఆర్పేయండి. ఖచ్చితంగా గుర్తున్న చివరి చోటు ఏదో అందరూ కలిసి తేల్చుకుని అక్కడికి వెళ్లండి. అక్కడి నుంచి ఒక్కొక్క దారినీ వరసగా చూడండి, ఎవరూ గొంతు వినపడనంత దూరం పోకూడదు. టెన్షన్‌లో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు విడిపోతే వెతకాల్సిన గుంపులు రెండవుతాయి.

గాలి ఆగిపోయింది

చలికాలంలో గుహలోని గాలి బయటి గాలి కన్నా వెచ్చగా ఉంటుంది. అది పైకి లేచి పై ద్వారం గుండా బయటికి పోతుంది, కింది ద్వారం చల్లగాలిని లోపలికి లాక్కుంటుంది. ఎండాకాలంలో ఇదే తిరగబడుతుంది. లోపలా బయటా ఉష్ణోగ్రత దాదాపు సమానమైన పూట గాలి ఆగిపోవడం మామూలే. కానీ బయట వాతావరణం అలా మారే వేళ కాకపోయినా ఇంతసేపూ ముఖానికి కొట్టిన గాలి ఒక్కసారిగా ఆగిందంటే, ఎక్కడో పల్లపు చోట నీళ్లు కప్పుకు తగిలి దారి మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు కింది భాగం చదివి, అందులో చెప్పినట్టు చేయండి.

నీటి చప్పుడు పెరిగింది, రంగు మారింది

నా లెక్కలో అన్నిటికన్నా సీరియస్ లక్షణం ఇదే.

కారణం మీ తలపైన వందల మీటర్ల ఎత్తున, బహుశా కొన్ని గంటల క్రితం, మొదలై ఉంటుంది. మన కోరాపుట్ కొండల మీద తొలకరి వాన పడితే మట్టి చాలావరకు తాగేస్తుంది. ఆల్ప్స్ పైభాగంలో చాలా చోట్ల మట్టే ఉండదు, పగుళ్లు తేలిన బోడి సున్నపురాయి. వాన పడినా, ఎండకు మంచు కరిగినా నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి. 1952లో హోలోఖ్‌లో గుహల శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ బోగ్లీ, ఆయనతో ఉన్న ముగ్గురూ ఇలా పొంగిన నీళ్ల వెనక 10 రోజులు చిక్కుకుపోయి, ప్రాణాలతో బయటపడ్డారు. ఆల్ప్స్ బయట చూస్తే, నల్ల సముద్రం ఒడ్డున ఉన్న అబ్ఖాజియాలో 2,200 మీటర్లకు పైగా లోతున్న వెర్యోవ్‌కినా గుహలో 2018లో అడుగున ఉన్న బృందం పొంగుతున్న నీటికి ముందు తాళ్లు ఎక్కుతూ తప్పించుకుంది.

పరిష్కారం రెండు భాగాలు. మొదటిది బయట ఉన్నప్పుడే. ఊరి వాతావరణ సూచన కాదు, ఆ కొండ శిఖరం సూచన చూడాలి. హోలోఖ్‌లో పెద్ద యాత్రలు చలికాలంలో పెట్టుకోవడం మనకు వింతగా అనిపిస్తుంది. పైన అంతా గడ్డకట్టి ఉంటే లోపలికి దిగే నీళ్లు తక్కువ, అదీ సంగతి. మనకు దగ్గర్లో, బస్తర్‌లోని కుటుంసర్ గుహను వానాకాలంలో మూసేయడం వెనకా ఉన్నది ఇదే భయం.

రెండోది లోపల. నడుస్తున్నప్పుడే గోడలు చదవండి. కప్పు పగుళ్లలో ఆకులు, పుల్లలు ఇరుక్కుని ఉంటే నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయని అర్థం. నీటి చప్పుడు పెరిగినప్పుడు దగ్గర్లోని పాత, ఎండు అంతస్తుకు, ఆ గుర్తులకు పైకి, ఎక్కేయండి. "ఇంకా మోకాలి లోతే కదా, పరిగెత్తి దాటేద్దాం" అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడి మాట వినకండి. ఎక్కి కూర్చున్నాక చేసే పని ఎదురుచూడటమే. తిండి, లైట్లు లెక్కపెట్టి పొదుపుగా వాడండి.

ఒకడు వణకడం మానేశాడు

చలి తగ్గిందని సంతోషపడకండి, ఒళ్లు ఇంకా చల్లబడుతోందని అర్థం. మాట ముద్దగా వస్తుంది, క్లిప్పు పెట్టడానికి వేళ్లు సహకరించవు. ఆల్ప్స్ గుహల్లో గాలి ఎక్కువగా 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంటుంది, తేమ దాదాపు 100 శాతం. అయినా నడిచేటప్పుడు ఎవరూ చల్లబడరు. తాడు దగ్గర తన వంతు కోసం తడి బట్టలతో కూర్చున్నప్పుడే అది మొదలవుతుంది. అందులోనూ లోపల కాటన్ బనియను, జీన్స్ వేసుకుంటే చెప్పనక్కర్లేదు.

ఉన్ని లేదా ఫ్లీస్ బట్టలు వేసుకోండి, నీళ్లు చొరని సంచిలో ఒక పొడి చొక్కా పెట్టుకోండి. వణుకుతూ ఉన్నవాడికి పొడి బట్టలు, తీపిగా వేడిగా టీ. వణుకు ఆగిపోయినవాడిని నడిపించకండి. కింద తాడు సంచులు పరిచి, నేల తగలకుండా పడుకోబెట్టి, రేకు దుప్పటి చుట్టి, ఇద్దరు ఆనుకుని కూర్చుని, సహాయం కోసం కబురు పంపండి. ఒంట్లో వేడి పుడుతుందని మందు పోయడం మాత్రం వద్దు. అది చర్మం కింది రక్తనాళాలను తెరిచి, ఉన్న వేడి కూడా పోగొడుతుంది.

తాడు మీద దిగుతూ మధ్యలో చిక్కుకున్నాడు

సాధారణంగా డిసెండర్‌లో (తాడు మీద మెల్లగా దిగడానికి వాడే పరికరం) జుట్టో, చొక్కా అంచో, హెల్మెట్ పట్టీయో ఇరుక్కుంటుంది. దానికి పైన తాడుకు చేతి క్లాంపు (పైకి జరుగుతుంది గానీ కిందికి జారని పట్టు) తగిలించి, కాలి లూప్‌లో నిలబడి, బరువు తీసేస్తే వదులవుతుంది. కత్తి తీయవద్దు, బిగుసుకున్న తాడుకు మొన తగిలితే చాలు తెగిపోతుంది. కదలకుండా బెల్టులో వేలాడితే నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, కాబట్టి ఇది ఆలోచిస్తూ కూర్చునే సమస్య కాదు. మంచి ట్రైనర్ దగ్గర, ఊళ్లో ఏ చెట్టు కొమ్మకో తాడు కట్టి, చేతులు వాటంతట అవే చేసేదాకా నేర్చుకోండి. ప్రతి తాడు చివరా ముడి ఉండాలి.

లైటు సంగతి ఒక్క ముక్కలో: మనిషికి మూడు.

సర్వే గీత కలవడం లేదు

గుహ పటం గీయడానికి కొలతలు తీస్తూ చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చారు, కాగితం మీద మాత్రం రెండు చివరలూ దూరంగా ఉన్నాయి. చాలాసార్లు దోషం దిక్సూచి పక్కనే ఉన్న హెల్మెట్ లైటుది, ఉక్కు కొక్కేనిది. ఒక్క డిగ్రీ తేడా వస్తే 100 మీటర్లకు దాదాపు 1.75 మీటర్లు పక్కకు పోతుంది. ప్రతి గీతనూ రెండో చివర నుంచి వెనక్కి కూడా చదవండి, రెండు రీడింగులకు 180 డిగ్రీల తేడా రాకపోతే అక్కడే మళ్లీ కొలవండి. తేడా మరీ ఎక్కువైతే పరికరాన్ని కాదు, నోటుబుక్కును అనుమానించండి, అంకె తప్పు రాసి ఉండవచ్చు.

అనుకున్న టైముకి బయటికి రాలేకపోయారు

లోపల ఫోన్ పనిచేయదు. 2014లో జర్మనీలోని రీజెన్‌డింగ్ గుహలో దాదాపు 1,000 మీటర్ల లోతున రాయి పడి గాయపడిన ఒక్క మనిషిని పైకి తేవడానికి 11 రోజులు, 700 మందికి పైగా పట్టారు. కబురు చెప్పడానికి తోటివాడొకడు గంటల తరబడి పైకి ఎక్కాల్సి వచ్చింది. అందుకే దిగే ముందు బయట ఒక నమ్మకస్తుడికి ఏ ద్వారం, ఎంతమంది, ఎన్నింటికి వస్తారు, ఆ టైము దాటితే ఏ రెస్క్యూ నంబరుకు ఫోన్ చేయాలి అన్నీ రాసి ఇవ్వండి. ఆ టైములో కాస్త వెసులుబాటు పెట్టుకోండి. బయటపడ్డాక తడి బట్టలు మార్చుకోక ముందే అతనికి ఫోన్ చేయండి, లేకపోతే మీరు కారులో నిద్రపోతుండగా రెస్క్యూ వాళ్లు మీ కోసం లోపలికి దిగుతారు.