పాత డీఎస్ఎల్ఆర్ ఫోకస్ తప్పుతోందా? లెన్సు కొనే ముందు లైవ్ వ్యూలో ఒక ఫొటో తీయండి

పదేళ్లు దాటిన డీఎస్ఎల్ఆర్ ఫోకస్ పట్టడం లేదనగానే అందరి చూపూ లెన్సు మీదికే పోతుంది. అప్పు చేసైనా కొత్త లెన్సు కొంటారు. అదీ అలాగే తీస్తుంది. అప్పుడిక బాడీ (లెన్సు తీసేశాక మిగిలే కెమెరా) పోయిందని తేల్చేసి, వచ్చిన ధరకు అమ్మేస్తారు. నికాన్ డి90, డి7000, కెనాన్ 600డి, 5డి మార్క్ 2 లాంటి మంచి కెమెరాలు ఇలా చేతులు మారడం చూస్తుంటే నాకు బాధేస్తుంది. వాటిలో చాలావరకు బాగయ్యేవే. తేడా ఎక్కడుందో చెప్పే పరీక్షకు పది నిమిషాలు చాలు, కానీ దాన్ని చేసి నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలా తక్కువ.

ముందు ఆ ఫొటోనే సరిగ్గా చూడండి

కంప్యూటర్లో 100 శాతం పెద్దది చేసి చూడండి. పెళ్లికూతురి కళ్లు మసకగా ఉండి, వెనకున్న మండపం పూలు స్పష్టంగా ఉంటే అది ఫోకస్ సమస్యే. ఫొటోలో ఎక్కడా ఏదీ స్పష్టంగా లేకపోతే చెయ్యి కదిలిందేమో చూడాలి. 50 ఎంఎం లెన్సుతో 1/30 సెకను షట్టర్ స్పీడులో తీసి ఫోకస్‌ని తిడితే లాభం లేదు. ఇంకో సంగతి. 50 ఎంఎం లెన్సును ఎఫ్/1.8లో పెట్టి మీటరు దూరం నుంచి తీస్తే, డి90, డి7000, 600డి లాంటి క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాలో స్పష్టంగా వచ్చే మందం దాదాపు 3 సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా, చెవి మసకగా వస్తే కెమెరా తన పని సరిగ్గా చేసినట్టే.

వ్యూఫైండర్లో (కన్ను ఆనించి చూసే కిటికీలో) బొమ్మ మసకగా ఉన్నా ఫొటో బాగా వస్తోందంటే, కంటి దగ్గరుండే డయాప్టర్ చక్రం తిరిగిపోయింది. లోపల కనిపించే అంకెలు స్పష్టమయ్యేదాకా దాన్ని తిప్పండి, అంతే.

అసలు పరీక్ష

కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ఒకటిన్నర మీటర్ల దూరంలో గోడకు న్యూస్‌పేపర్ అతికించండి. వెలుతురు బాగా ఉండాలి. ఎఫ్ నంబర్ వీలైనంత తగ్గించి (అంటే లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి), మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకోండి. వ్యూఫైండర్‌తో కొన్ని ఫొటోలు తీయండి. ప్రతిదానికీ ముందు ఒక పుస్తకం చేతిలో అడ్డంగా పట్టుకుని దానిమీద ఫోకస్ చేయిస్తే, లెన్సు మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటుంది. తర్వాత కెమెరా కదలకుండా లైవ్ వ్యూ (వెనక తెరమీద చూస్తూ తీసే పద్ధతి) పెట్టి అలాగే తీయండి.

కెనాన్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. 600డి, 5డి మార్క్ 2లో లైవ్ వ్యూ ఫోకస్‌కి క్విక్ మోడ్ ఉంటుంది. అది కెమెరా లోపలి అద్దాన్ని కిందికి దించి వ్యూఫైండర్ దారిలోనే ఫోకస్ చేస్తుంది కాబట్టి, అందులో చేసిన పరీక్ష పరీక్షే కాదు. లైవ్ మోడ్‌కి మార్చండి.

రెండు విధాలా మసకే వస్తే లెన్సును అనుమానించండి. లైవ్ వ్యూలో అక్షరాలు చక్కగా వచ్చి, వ్యూఫైండర్‌తో తీసినవి మసకగా వస్తే ఆ లెన్సు అద్దాలూ మోటారూ బాగున్నట్టే. మరో లెన్సుతోనూ ఇదే జరిగితే సమస్య బాడీలో ఉంది. కొత్త లెన్సు కొని లాభం లేదు.

దాక్కున్న దొంగ: చిన్న అద్దం, కింద సెన్సర్

లెన్సు తీసి చూస్తే కనబడే అద్దం వెనక ఇంకో చిన్న అద్దం (సబ్ మిర్రర్) ఉంటుంది. పెద్ద అద్దం మధ్యలోంచి కొంత వెలుతురు దూరి, ఈ చిన్న అద్దం మీద పడి, అక్కడి నుంచి కిందికి మళ్లుతుంది. కెమెరా పెట్టె అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్ ఆ వెలుతురు చూసే దూరం లెక్కగడుతుంది. లైవ్ వ్యూలో అద్దాలు పైకి లేచిపోతాయి కాబట్టి ఫొటో తీసే సెన్సరే స్వయంగా ఫోకస్ చూసుకుంటుంది. రెండు ఫలితాలకూ తేడా వచ్చేది ఇందుకే.

మొదటి కారణం దుమ్ము. ఫోకస్ సెన్సర్ అడుగున ఉంటుంది కనుక లోపలికి పోయిన ప్రతిదీ చివరికి దానిమీదే పడుతుంది. తలంబ్రాల వేళ మండపం పక్కన లెన్సు మారిస్తే బియ్యప్పొడి, పసుపు లోపలికి పోకుండా ఉంటాయా? ఈ దుమ్ము ఫొటోలో మచ్చగా కనబడదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మధ్య పాయింట్ వెతుకుతూనే ఉండి, పక్క పాయింట్ వెంటనే పడుతుంటే ముందు దీన్నే అనుమానించండి. మరమ్మతు సులువు. లెన్సు తీసి, కెమెరా నోరు కిందికి పెట్టి, రబ్బరు బ్లోయరుతో లోపలికి గాలి కొట్టండి. నోరు పైకి పెట్టి కొడితే దుమ్ము తిరిగి అక్కడికే చేరుతుంది. డబ్బాలో వచ్చే గాలి స్ప్రేలు వద్దు. అద్దాన్ని గుడ్డతో తుడవొద్దు, దాని పూత పైభాగానే ఉంటుంది, గీత పడితే పోదు.

రెండోది చిన్న అద్దం కోణం. ప్రతి ఫొటోకీ అది ముడుచుకుని, మళ్లీ దిగి ఒక చిన్న పిన్ను మీద ఆనుతుంది. పెళ్లిళ్లలో ఏళ్ల తరబడి ఆడిన కెమెరాలో ఆ ఆనే చోటు అరుగుతుంది. కోణం వెంట్రుకవాసి మారినా ఫోకస్ ముందుకో వెనక్కో జరుగుతుంది. సెన్సర్ క్లీనింగ్‌లో స్వాబ్ (తుడిచే పుల్ల) తగిలినా, మధ్యలో బ్యాటరీ అయిపోయి అద్దం స్వాబ్ మీద పడినా ఇదే జరుగుతుంది. క్లీనింగ్ చేయించాకే ఫోకస్ పాడైందని ఎవరైనా చెబితే నేను ముందు చూసేది ఈ అద్దాన్నే.

దీని గుర్తు: ఏ లెన్సు పెట్టినా తప్పు ఒకే వైపు పోతుంది. తప్పు కొంచెమే అయితే మెనూలోనే ఫోకస్ సవరించుకోవచ్చు: డి7000లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్, 5డి మార్క్ 2లో మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉన్నాయి, -20 నుంచి +20 దాకా. డి90, 600డిలో ఆ సదుపాయం లేదు. చివరి అంకె దాకా వెళ్లినా సరిపోకపోతే మెనూతో పని కాదు, అద్దం కోణం సరిచేయించాలి. ఆ పిన్ను స్క్రూను మీరే తిప్పొద్దు. పక్కనే పెద్ద అద్దం స్క్రూ కూడా ఉంటుంది, అది కదిలితే వ్యూఫైండర్లో కనబడేదీ తప్పవుతుంది.

మిగతావి

షట్టర్ సగం నొక్కితే అసలు కదలికే లేదా? లెన్సు మీద ఆటో/మాన్యువల్ ఫోకస్ స్విచ్, నికాన్ అయితే బాడీ మీద స్విచ్ కూడా ఆటోలో ఉన్నాయేమో చూడండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదైతే పాత యజమాని ఫోకస్‌ని వెనక బటన్‌కి మార్చి ఉండొచ్చు, సెట్టింగులు రీసెట్ చేయండి. లెన్సు బాడీకి తగిలే చోట ఉన్న బంగారు రంగు చుక్కల్ని పొడి మెత్తటి గుడ్డతో తుడవండి.

లెన్సుకి ఒకవైపు నుంచి టార్చ్ వేసి రెండోవైపు నుంచి చూస్తే సాలెగూడు పోగుల్లా కనబడుతున్నాయా? ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో బీరువాలో దాచిన లెన్సులకు ఇది మామూలే. తొలిదశలో శుభ్రం చేయిస్తే పోతుంది.

మౌంట్ (లెన్సు బిగించే రింగు) వదులవడం, ఫోకస్ సెన్సర్ చచ్చిపోవడం, బోర్డు పోవడం చాలా అరుదు. పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు "ఫోకస్ రావట్లేదు" అని వదిలేయకండి. "లైవ్ వ్యూలో బాగుంది, వ్యూఫైండర్లో అన్ని లెన్సులతోనూ వెనక్కి పోతోంది, సబ్ మిర్రర్ చూడండి" అని చెప్పి, రెండు విధాలా తీసిన ఫొటోలు కార్డులోనే ఉంచి ఇవ్వండి.