12 వోల్టుల బ్యాటరీ దగ్గర పని: షాక్ కంటే చేతి ఉంగరమే ప్రమాదం

కారు బ్యాటరీ టెర్మినళ్ళు రెండింటినీ పొడి చేతులతో పట్టుకున్నా సాధారణంగా ఏమీ తెలియదు. పొడి చర్మం నిరోధం వేల ఓముల్లో ఉంటుంది కాబట్టి, 12 వోల్టులు శరీరం గుండా పంపగలిగే కరెంటు అత్యల్పం. చేతులు తడిగా ఉన్నా, చర్మం తెగి ఉన్నా చురుక్కుమనవచ్చు; లారీల్లోని 24 వోల్టుల దగ్గర ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. అయితే అదే బ్యాటరీ ఒక ఇనుప పానా గుండా వందల ఆంపియర్లు పారించగలదు. ఇక్కడ భయపడవలసింది కాలిన గాయాలకు.

పని మొదలుపెట్టే ముందు తాళంచెవి తీసి, ఉంగరం, కడియం, ఇనుప పట్టీ గడియారం పక్కన పెట్టాలి. పాజిటివ్ టెర్మినల్‌కూ బండి బాడీకీ మధ్య ఉంగరం తగిలితే అది క్షణాల్లో ఎర్రగా కాలుతుంది, వేలి నుంచి లాగే వ్యవధి కూడా ఉండదు. వేలికి బిగిసిపోయిన ఉంగరాన్ని సబ్బు రాసి తీయడానికి బద్ధకించకూడదు.

ముందుగా నెగటివ్ వైరునే విప్పాలి. నేటి వాహనాల్లో బాడీ అంతా నెగటివే కనుక, పాజిటివ్ నట్టు విప్పుతున్న పానా జారి బాడీకి తగిలితే పెద్ద మెరుపుతో షార్ట్ అవుతుంది. నెగటివ్ ముందే తీసి ఉంటే ఆ పానా బాడీకి తగిలినా నష్టం లేదు. తిరిగి బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.

ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. రాత్రివేళ నీటి మట్టం చూడటానికి అగ్గిపుల్ల గీసేవారు ఇప్పటికీ ఉన్నారు, టార్చి వాడండి. వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు కూడా చివరి నెగటివ్ క్లిప్పును ఛార్జి దిగిపోయిన బ్యాటరీకి కాక, దానికి దూరంగా అదే బండి ఇంజిన్ మీది రంగు లేని లోహానికి తగిలించాలి. యాసిడ్ కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్ళతో కడుగుతూ వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.

మరి "బైకు షాక్ కొట్టింది" అనేవారి మాట అబద్ధమా? కాదు. ఇగ్నిషన్ కాయిల్ ఆ 12 వోల్టులనే 20,000కు పైగా పెంచి స్పార్క్ ప్లగ్గుకు పంపుతుంది. కరెంటు స్వల్పమే అయినా, ఉలిక్కిపడి వెనక్కి లాగిన చేయి తిరుగుతున్న ఫ్యాన్‌లో పడవచ్చు; గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి అది మరింత ప్రమాదం. ఇంజిన్ తిరుగుతుండగా ప్లగ్ వైరును పట్టుకోకూడదు.

విద్యుత్ కార్లలో కనిపించే నారింజరంగు కేబుళ్ళలో వందల వోల్టులుంటాయి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ విప్పినంత మాత్రాన అవి సురక్షితమైనట్లు కాదు. విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లలోని ఛార్జి తగ్గడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వాటి జోలికి శిక్షణ పొందిన మెకానిక్ మాత్రమే వెళ్ళాలి.