మల్బరీకి కత్తెర పడితేనే కాయలు

మాది హిందూపురం దగ్గర పల్లె. ఇంట్లో పట్టుపురుగులు మేపేవాళ్లం. వాటి మేతకు మల్బరీ ఆకు కోయడానికి పోయినప్పుడల్లా నేనూ తమ్ముడూ ఆ పండ్లు తిని నోళ్లు నల్లగా చేసుకుని ఇంటికొచ్చేవాళ్లం. నాన్నకు ఆ పండు లెక్కలోది కాదు, ఆకే ఆయన పంట. తోట కోసిన ప్రతిసారీ కొత్త చిగురుతో పాటే కాయలు రావడం మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. ఇప్పుడు అనంతపురంలో మా ఇంటి వెనక మూడు మల్బరీ చెట్లున్నాయి, పూర్తిగా పండ్ల కోసమే. వాటికి నేను చేసేదంతా ఆ తోటలో చూసిందే.

నర్సరీలో మొక్క కొంటే, దానికి కాయలు కళ్లారా చూసే కొనండి. మల్బరీలో కొన్ని చెట్లకు మగపూత మాత్రమే వస్తుంది. నేను మొదట తెచ్చిన మొక్కను రెండేళ్లు సాకాను. పచ్చటి తోకల్లాంటి పూత వచ్చేది, నాలుగు రోజులకు పొడిపొడిగా రాలిపోయేది. బలం చాలలేదేమోనని గంపల కొద్దీ ఎరువు వేశాను. తీరా చూస్తే అది మగచెట్టు. అందుకే, బాగా కాసే చెట్టు ఎవరింట్లో ఉందో చూసి ఒక కొమ్మ అడిగి తెచ్చుకోవడం అన్నిటికన్నా మేలు. పట్టుపురుగుల మేతకు వేసిన పొలం నుంచి తెచ్చుకున్నా అంతే, కాయ చూసే తెచ్చుకోండి. మా వైపు ఎక్కువగా వేసే వి-1 రకాన్ని మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ 1997లో ఇచ్చింది, అది ఆకు కోసం తయారైన రకం.

కొమ్మ పెన్సిల్ లావు ఉండాలి, 6 నుంచి 8 నెలల వయసుది, పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరిగినది. చిగురు పుట్టే కళ్లు మూడు నాలుగు ఉండేలా జానెడు ముక్క తీయండి. పదునైన కత్తితో అడుగున ఏటవాలుగా కోయాలి, బెరడు చీలకూడదు. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన సంచిలో ఒక కన్ను పైకి కనిపించేలా గుచ్చి నీడన పెట్టండి.

పది రోజుల్లో చిగురొస్తుంది. అప్పుడే సంబరపడి కదిలించొద్దు. ఒకసారి ఉండబట్టలేక ఇరవయ్యో రోజున ఒక ముక్క పీకి చూశాను. పైన నాలుగు ఆకులు కళకళలాడుతున్నాయి, కింద కోసిన చోట తెల్లగా నూకగింజల్లాంటి బొడిపెలు తప్ప ఒక్క వేరు లేదు. ఆ చిగురంతా కొమ్మలో దాచుకున్న సత్తువే. మూడు నెలలు ఆగి, ఎండ బాగా తగిలేచోట, గోడకు ఆరడుగుల దూరంలో నాటండి. మిద్దె మీదైతే పెద్ద డ్రమ్ము కావాలి, ఎండాకాలం రోజూ నీళ్లు పోయాలి.

ఇక అసలు పని. మల్బరీ కాయ కొత్త చిగురు మీదే వస్తుంది. పాత కొమ్మలు అలాగే వదిలేస్తే చెట్టు పైపైకి పోతుంది, నాలుగు కాయలు కాస్తే అవి పిట్టలకే అందుతాయి. అందుకే ఒక కాపు అయిపోగానే ప్రతి కొమ్మనూ సగానికి కత్తిరించి, మిగిలిన ఆకులన్నీ చేత్తో దూసేస్తాను. మొదట్లో మా ఆయన చూసి, చెట్టును చంపేస్తున్నావని బాధపడ్డారు. గంపెడు ఎరువు వేసి నిండా నీళ్లు పెడితే పది రోజుల్లో కళ్లు పగులుతాయి. ప్రతి ఆకు మొదట్లో చిన్న పచ్చటి గొంగళిపురుగులాంటి కాయ కనిపిస్తుంది. ఆరేడు వారాల్లో పండ్లు. జూన్ వానల తర్వాత, అక్టోబరులో, జనవరిలో, ఇలా ఏడాదికి మూడుసార్లు చేస్తాను.

చిగురు ముడుచుకుని గుత్తిలా అయితే విప్పి చూడండి, లోపల పిండినల్లి ఉంటుంది. ఆ కొసను తుంచి సబ్బునీళ్లలో వేయండి, నేల మీద పారేయొద్దు. పక్కన మందారం ఉంటే దాన్నీ చూడండి, ఈ పురుగు రెండిటికీ పడుతుంది. మందు మాత్రం కొట్టొద్దు. తొక్క తీయకుండా పిల్లలు తినే పండు. పైగా ఆ ఆకు ఎవరి పట్టుపురుగులకైనా పోయిందంటే షెడ్డంతా పోతుంది.

ఎర్రగా ఉన్నప్పుడు కోయకండి, పులుపు. కోశాక మగ్గదు కూడా. నల్లబడి, వేలు తగలగానే చేతిలోకి రావాలి. తెల్లవారకముందే పోండి, లేకపోతే పికిలిపిట్టలు వచ్చేస్తాయి. కింద పాత చీర పరిచి కొమ్మను మెల్లగా ఊపితే పండినవే రాలతాయి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండో రోజుకి నీరు కారిపోతాయి, ఆ పూటే తినేయండి.