పాత రివాల్వర్ పాఠాలు – 3: తూటా పెట్టే ముందు

మొదటి పాఠంలో లైసెన్సు కాగితాల సంగతి చూశాం. రెండో పాఠంలో భాగాల పేర్లు, రివాల్వర్ తెరిచి తూటాలు పెట్టే ఆరు అరలూ ఖాళీగా ఉన్నాయని చూసుకునే పద్ధతి నేర్చుకున్నాం. ఈసారి కూడా తూటా జోలికి వెళ్లం. మీ చేతిలో ఉన్న పాత రివాల్వర్ ఇంకా కాల్చడానికి పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి, పనికొస్తుందంటే ఖాళీ రివాల్వర్‌తో ట్రిగ్గర్ సాధన ఎలా మొదలుపెట్టాలి అన్నదే ఈ పాఠం.

ముందు తెనాలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ అనుమానం చాలామందికి ఉంది. "మా తాతగారి వెబ్లీ రివాల్వర్ ఎనభై ఏళ్ల నాటిది. అంత పాతది పురాతన వస్తువు కిందికి వస్తుంది కాబట్టి లైసెన్సు అక్కర్లేదంటున్నారు, నిజమేనా అండీ?" నిజం కాదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట వాస్తవమే. అయితే అది మరమ్మతు చేసినా పేలే అవకాశం లేనివాటికే వర్తిస్తుంది. మీ తాతగారి వెబ్లీలో తూటా పెడితే పేలుతుంది, కాబట్టి దానికి లైసెన్సు ఉండి తీరాలి. వారసులకు 2016 ఆయుధాల నిబంధనల్లో దారి ఉంది. లైసెన్సుదారు చనిపోయాక, లేదా ఆయనకు 70 ఏళ్లు నిండాక, లేదా ఆ ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నాక, వారసులు తమ పేరు మీద లైసెన్సుకి అర్జీ పెట్టుకోవచ్చు. విజయవాడ కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్‌కి, గుంటూరు జిల్లాలో అయితే కలెక్టర్‌కి. లైసెన్సుదారు పోయాక, మీ పేర లైసెన్సు వచ్చేదాకా ఆ రివాల్వర్ ఇంట్లో బీరువాలో ఉండకూడదు. పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. కింద చెప్పే పరీక్షలన్నీ మీ పేర లైసెన్సు ఉన్న రివాల్వర్ మీదే చేయండి.

ఇక అసలు విషయం. మన కృష్ణా, గుంటూరు జిల్లాల పాత కుటుంబాల్లో నేను చూసినవి ఎక్కువగా బర్మింగ్‌హామ్‌లో తయారైన .32 బోరు వెబ్లీలే (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో). బ్రిటిష్ సైన్యం 1887 నుంచి వాడినవి, 1915లో వచ్చిన మార్క్ 6తో సహా, ఇంకా పెద్ద .455 బోరువి. .32 వెబ్లీ కూడా వాటిలాగే పైనుంచి విరిచి తెరిచే రకం. ఎడమవైపు మీటను బొటనవేలితో నొక్కి బ్యారెల్‌ని, అంటే ముందున్న గొట్టాన్ని, కిందికి వంచితే, సిలిండర్ (ఆరు అరలున్న తిరిగే దిమ్మ) మధ్యలోంచి నక్షత్రం ఆకారపు పళ్లెం పైకి లేచి ఖాళీ తూటాలన్నిటినీ ఒకేసారి బయటికి తోస్తుంది. మన కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ కూడా ఇదే పోలికలో ఉంటుంది. విదేశీ ఆయుధాల దిగుమతి మామూలు లైసెన్సుదారులకు ఆగిపోయి దశాబ్దాలు దాటింది కాబట్టి మంచి స్థితిలో ఉన్న వెబ్లీ ఇప్పుడు లక్షల్లో పలుకుతుంది.

ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత మన దేశంలో మామూలుగా ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. కాబట్టి గోడ నిండా రివాల్వర్లు వరసగా తగిలించుకునే సేకరణ మనకు కుదరదు. మనం సేకరించేది ఒక్క రివాల్వర్ చరిత్రని. దాని కొనుగోలు బిల్లు, తాతగారి పాత లైసెన్సు పుస్తకం, తోలు ఒర, శుభ్రం చేసే కడ్డీ, అన్నీ కలిపి ఒక్కచోట దాచండి. దయచేసి కొత్త రంగు వేయించకండి, నికెల్ పూత పూయించకండి. అరిగిన నీలం రంగు ఆ రివాల్వర్ గడిపిన ఏళ్లకు సాక్ష్యం. ఎంత బాగా మెరుగు పెట్టినా అక్షరాలు, ముద్రల అంచులు కరిగిపోతాయి, దాంతో విలువా పోతుంది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఆ ముద్రలే మొదటి పరీక్ష. మంచి వెలుతురులో భూతద్దంతో బ్యారెల్ మీద, సిలిండర్ మీద, ఫ్రేమ్ మీద చూడండి. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ప్రూఫ్ హౌస్ అనే సంస్థ ఉంది. అక్కడ మామూలు కంటే బలమైన తూటా కాల్చి పరీక్షించాకే ముద్ర కొడతారు. మీరు వెతకాల్సింది కిరీటం కింద 'ఎన్‌పీ' అక్షరాలు. పొగ రాని ఆధునిక మందుతో ఆ రివాల్వర్‌ని పరీక్షించారని దాని అర్థం. పంతొమ్మిదో శతాబ్దపు రివాల్వర్లు చాలావరకు పొగ వచ్చే పాత నల్లమందు కోసం చేసినవి. ఎన్‌పీ ముద్ర లేకపోతే, ఎంత అందంగా ఉన్నా, ఎంత గట్టిగా కనిపించినా, ఇప్పుడు దొరికే తూటాలు అందులో కాల్చవద్దు. అది చూసుకుని మురిసిపోవడానికి మాత్రమే.

తర్వాత బోరు. ఇది టెన్షన్ పడాల్సిన విషయమే, ఎందుకంటే .32 పేరుతో తూటాలు ఒకటి కాదు. రివాల్వర్‌కి కావాల్సింది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, 1896 నాటి తూటా. అదే బోరు పేరుతో ఆటోమేటిక్ పిస్టల్ తూటా కూడా దొరుకుతుంది. దాని అంచు చిన్నది, అయినా చాలా .32 రివాల్వర్ల అరల్లోకి దిగిపోతుంది. దిగింది కదా అని కాల్చకూడదు, దాని పీడనం రివాల్వర్ తూటా కంటే బాగా ఎక్కువ. కొట్టులో "పాయింట్ ముప్పైరెండు ఇవ్వండి" అని ఊరుకోకుండా "రివాల్వర్‌కి, లాంగ్" అని అడగండి. ఇంటికి తెచ్చే ముందు తూటా అడుగున అక్షరాలు చదవండి.

ఇప్పుడు యంత్రం పరీక్ష. తెరవండి, ఆరు అరలూ కళ్లతో చూడండి, వేలితో తడమండి. గదిలో ఎక్కడా తూటాలు ఉండకూడదు, పక్క గదిలో తాళం వేసి పెట్టండి. బ్యారెల్ లోపల తెల్ల కాగితం పెట్టి, టార్చి వెలుగులో చూడండి. లోపల చిన్న చిన్న గుంటలు ఉంటే గురి కాస్త చెడుతుంది, అంతే. కానీ ఎక్కడైనా చీకటి ఉంగరంలా గుండ్రటి గీత కనిపిస్తే బ్యారెల్ అక్కడ ఉబ్బిందన్న మాట. ఎప్పుడో ఒక గుండు లోపల ఇరుక్కుని, దాని వెనకే ఇంకోటి కాల్చి ఉంటారు. అలాంటిది ఇక కాల్చకండి.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష సిలిండర్ సరైన చోట ఆగుతోందా అన్నది. రివాల్వర్ అంటేనే ఒక అర వచ్చి బ్యారెల్‌కి సూటిగా నిలబడటం. అది వెంట్రుకవాసి తప్పినా గుండు అంచును రాసుకుంటూ వెళ్తుంది, సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి, పక్కనున్నవాళ్ల కంట్లో పడొచ్చు. ఇలా చూడండి. ఒక అర పక్కన చిన్న టేపు ముక్క అంటించండి, అది ఒకటో నంబరు. ఎడమ బొటనవేలిని సిలిండర్ మీద తేలిగ్గా ఆనించి కాస్త అడ్డుపడుతూ, కుడి బొటనవేలితో హ్యామర్‌ని (తూటాని కొట్టే వెనక సుత్తిని) చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్లి ఆగేసరికి సిలిండర్ కూడా తన చోటికి చేరాలి. హ్యామర్ ఆగిపోయి సిలిండర్ ఇంకా కొద్దిగా తిరగాల్సి ఉంటే టైమింగ్ పోయినట్టే. ఆరు అరలకీ విడివిడిగా చేయండి. సిలిండర్ వెనక ఉన్న పళ్లలో ఒక్కటి మాత్రమే అరిగి ఉండొచ్చు. అయిదు అరలు బాగుండి ఆరోది తప్పే రివాల్వర్లు ఉంటాయి. తప్పిన అర నంబరు కాగితం మీద రాసుకోండి.

తర్వాత, బొటనవేలితో హ్యామర్‌ని పట్టుకుని నెమ్మదిగా కిందికి దించుతూ ట్రిగ్గర్‌ని చివరిదాకా నొక్కి అలాగే పట్టుకోండి. వెబ్లీలో సిలిండర్ గట్టిగా బిగుసుకునేది ఈ స్థితిలోనే. అప్పుడు సిలిండర్‌ని పక్కలకి కదపండి. కాస్త కదలిక సహజం, లొడలొడలాడితే మాత్రం పనికిరాదు. ముందుకీ వెనక్కీ కూడా తోసి చూడండి. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు కొలవడానికి ఫీలర్ గేజ్, అంటే మందం రాసి ఉన్న సన్నటి రేకుల కట్ట, కావాలి. ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్టుల కొట్టులో అడిగినా ఇస్తారు, మెకానిక్కులు ట్యాపెట్ సరిచేయడానికి వాడేదే. సందు దాదాపు 0.10 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరే. వెబ్లీ లాంటివాటిలో మూసిన తర్వాత బ్యారెల్ దగ్గర పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడటం మర్చిపోకండి. అక్కడ వదులు ఉంటే పై గొళ్లెం గానీ కీలు గానీ అరిగిందని.

చివరిది చిన్న పరీక్ష. హ్యామర్ వెనక్కి లాగి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా, బొటనవేలితో హ్యామర్‌ని ముందుకు గట్టిగా తోయండి. పడకూడదు. పడిందంటే ఆ రివాల్వర్‌ని అక్కడితో పక్కన పెట్టేయండి.

ఏ లోపం కనిపించినా లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారు దగ్గరికే వెళ్లాలి. మన ఆటోనగర్ లేత్ పనివాళ్లు ఏ భాగమైనా చేసి పెట్టగలరు, వాళ్ల చేతిపని మీద నాకు చాలా గౌరవం. కానీ లైసెన్సు లేకుండా ఆయుధం బాగుచేయడం చట్టం 5వ సెక్షన్ ప్రకారం నేరం. మీతోపాటు వాళ్లనీ ఇరికించకండి.

పరీక్షలన్నీ నెగ్గితే సాధన మొదలుపెట్టొచ్చు. పాత రివాల్వర్లలో కొట్టే సూది హ్యామర్‌కే ఉంటుంది, ఖాళీ అర మీద పదేపదే కొడితే విరిగే ప్రమాదం ఉంది. అందుకే స్నాప్ క్యాప్‌లు అనే డమ్మీ తూటాలు ఆరు కొనండి. లోపల మందు ఉండదు, సూది దెబ్బని తీసుకునే మెత్తటి భాగం ఉంటుంది. రంగు వేరేగా ఉన్నవే తీసుకోండి. ఎదురుగా అవతల మనుషులు తిరగని గట్టి ఇటుక గోడ ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్ల గోడ వైపు వద్దు. గోడ మీద రూపాయి నాణెమంత నల్ల చుక్క అంటించండి.

మొదటి వారం హ్యామర్ లాగి పెట్టుకునే సింగిల్ యాక్షన్ మాత్రమే. చూపు ముందు సైట్ (బ్యారెల్ కొస మీద గురి చూసే ముక్క) మీదే ఉండాలి, చుక్క కాస్త మసకగా కనిపించినా పర్వాలేదు. వేలి మొదటి కణుపు మధ్య భాగంతో ట్రిగ్గర్‌ని తిన్నగా వెనక్కి నొక్కండి. హ్యామర్ పడిన క్షణంలో ముందు సైట్ ఎటు కదిలిందో గమనించండి, మీ లోపం అక్కడే తెలుస్తుంది. కుడిచేతివాళ్లకి అది ఎడమకి దూకితే తరచు వేలి పొజిషన్ సరిగా లేదని. కిందికి దిగితే పేలుతుందన్న భయంతో మణికట్టు ముందే వంగుతోందని. బ్యారెల్ మీద ఒక రూపాయి నాణెం నిలబెట్టి, హ్యామర్ పడ్డాక కూడా అది పడకుండా ఉండేదాకా చేయండి.

రెండో వారం డబుల్ యాక్షన్, అంటే హ్యామర్ ముట్టుకోకుండా ఒక్క ట్రిగ్గర్‌తోనే మొత్తం పని. సింగిల్‌లో రెండు కిలోల చుట్టూ ఉండే ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి కావాల్సిన బలం, ఇక్కడ అయిదు కిలోలు దాటొచ్చు. అందుకే వేలిని ఇంకాస్త లోపలికి, మొదటి గీత దాకా పోనివ్వండి. బావిలోంచి చేదతో నీళ్లు తోడేటప్పుడు మధ్యలో ఆగితే తాడు ఊగుతుంది కదా, ఇదీ అంతే. మొదలుపెట్టిన లాగుడు ఒకే వేగంతో చివరిదాకా వెళ్లాలి. చాలామంది సిలిండర్ బిగిసిన చప్పుడు విని అక్కడ ఆగి, గురి సరిచేసుకుని, మిగతా కొంచెం లాగుతారు. ఆ అలవాటు పడనివ్వకండి. రోజుకు పది నిమిషాలు చాలు. వేలు అలిసిపోయాక చేసే సాధన తప్పుల్ని గట్టిపరుస్తుంది.

ఈ సాధన పాత రివాల్వర్‌తోనే ఆగిపోయేది కాదు. 25 మీటర్ల సెంటర్ ఫైర్ అనే పిస్టల్ షూటింగ్ పోటీల్లో 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల బోరు వాడొచ్చు, చాలామంది క్రీడాకారులు ఎంచుకునేది ఈ .32 లాంగ్ తూటానే. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా ఆ పోటీలో 600కి 590 సాధించి ప్రపంచ రికార్డుని సమం చేశాడు.

సాధన అయ్యాక చెమట తుడవండి. మన ఊళ్లో వేసవి చెమట, వానాకాలం తేమ రెండూ ఇనుముకి శత్రువులే. పల్చగా నూనె రాసి, పొడి గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో ఉంచండి. తోలు ఒరలో మాత్రం దాచకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, రివాల్వర్ మీద ఒర ఆకారంలోనే తుప్పు పడుతుంది. పిడికి ఉన్న నల్లటి వల్కనైట్ (గట్టి రబ్బరు) పలకల మీద నూనె పడనివ్వకండి, ఎండలో పెట్టకండి, గోధుమరంగుకి తిరుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, బీరువా కింది అరల్లో ఏదీ దాచకండి. నీళ్లలో నానిన తూటాలు ఎండబెట్టి వాడొద్దు, డీలర్‌కి గానీ పోలీస్ స్టేషన్‌కి గానీ అప్పగించండి.

నాలుగో పాఠం కాల్పుల సాధన చేసే రేంజ్‌లో జరుగుతుంది. పరీక్షల్లో రాసుకున్న కాగితం, చెవులకు మఫ్స్, కళ్లకు గట్టి అద్దాలు, లైసెన్సు అసలు పుస్తకం దగ్గర పెట్టుకోండి. మొదటి ఆరు తూటాలూ సింగిల్ యాక్షన్‌లో, ఒక్కసారికి ఒక్కటే పెట్టి కాలుస్తాం.