పళ్ళు చూసి ఎదుగుదల అంచనా – 3వ భాగం: కింది కోరపన్ను, రెండో దవడపన్ను

పోయిన భాగంలో ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో మెడ ఎముకల్లో చదవడం నేర్చుకున్నాం. సెఫలోగ్రామ్‌లో, అంటే తలను పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో అవి కనిపిస్తుంటే ఇంక పళ్ళతో పనేంటి అని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. కానీ మొదటిసారి వచ్చిన పిల్లాడి దగ్గర సెఫలోగ్రామ్ ఎక్కడుంటుంది? పుచ్చుపన్ను కోసం తీయించిన ఓపీజీ (పళ్ళన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే) ఒకటి కవర్లో పెట్టుకొస్తారు, కింది దవడ వెనక్కి ఉంది డాక్టర్ గారూ, క్లిప్పులు ఇప్పుడే వేయించాలా, ఇంకా ఆగాలా అంటారు. చికిత్సకు అనువైన, వేగంగా ఎదిగే కాలం వచ్చిందో లేదో ఆ ఒక్క ఫిల్ముతో ఎంతవరకు చెప్పొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ పాఠం.

ముందు ఒక అలవాటు మానుకోండి. పన్ను బయటికొచ్చిందా లేదా అని చూడకండి. పాలపన్ను తొందరగా పీకేసినా, చోటు చాలకపోయినా పన్ను రావడం ముందూ వెనకా అవుతుంది. చూడాల్సింది ఎముక లోపల వేరు ఎంతవరకు తయారైందని.

దానికి కొలబద్ద 1973లో డెమిర్జియన్ బృందం ఇచ్చిన ఎనిమిది దశలు, ఏ (A) నుంచి హెచ్ (H) దాకా. మొదటి మూడూ పన్ను పైభాగం, అంటే క్రౌన్ తయారయ్యే దశలు, మన పనికి పెద్దగా అక్కర్లేదు. డి అంటే క్రౌన్ పూర్తయి వేరు అప్పుడే మొదలైంది. ‘ఈ’ (E) దశలో వేరు పొడవు క్రౌన్ ఎత్తు కంటే తక్కువ, దవడపన్నులో అయితే వేళ్ళు చీలే చోట నెలవంక లాంటి చిన్న మచ్చ కూడా కనిపిస్తుంది. ఎఫ్‌లో వేరు క్రౌన్ అంత, లేదా అంతకంటే ఎక్కువ, కొన మాత్రం గరాటులా విచ్చుకుని ఉంటుంది. జీలో వేరు లోపలి కాలువ గోడలు సమాంతరంగా వస్తాయి కానీ కొన ఇంకా తెరిచే ఉంటుంది. హెచ్‌లో కొన మూసుకుపోయి, వేరు చుట్టూ, పన్నును ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్ గీత ఒకే మందంలో తిరుగుతుంది.

అందరూ తడబడేది ఎఫ్, జీ మధ్యే. అక్కడ పొడవు చూస్తూ కూర్చోకండి, గోడలు చూడండి: కిందికి పోతూ విచ్చుకుంటున్నాయా, రైలు పట్టాల్లా సమానంగా పోతున్నాయా? దవడపన్నులో వెనక వేరునే చూడాలి. స్కేలు పెట్టి మిల్లీమీటర్లు కొలవక్కర్లేదు, ఓపీజీ ఎలాగూ బొమ్మను పెద్దది చేసి చూపిస్తుంది, ఈ దశలు నిలబడింది ఆకారం మీద, నిష్పత్తి మీద. పిల్లాడు గడ్డం సరిగా పెట్టకపోతే కోరపన్ను వేరు పొట్టిగా పడుతుంది, అదొక్కటి గుర్తుంచుకోండి.

రెండో దవడపన్నే ఎందుకంటే, దాని పైన పాలపన్ను ఉండదు కాబట్టి పాలపన్ను చీము పట్టి కింద పన్నును ఇబ్బంది పెట్టే గొడవ లేదు. పై దవడలో సైనస్ నీడలు పడి వేళ్ళు కనిపించవు, అందుకే కిందిది. జ్ఞానదంతం జోలికి వెళ్ళకండి, దానికి ఒక పద్ధతంటూ లేదు.

ఇక చదవడం. రెండో దవడపన్ను డిలో ఉంటే వేగంగా ఎదిగే కాలం చాలావరకు ఇంకా రాలేదు. కోరపన్ను ఎఫ్‌లో ఉంటే అది దగ్గర పడుతోంది. కోరపన్ను జీకి వచ్చి, దవడపన్ను ఎఫ్, జీల్లో ఉంటే ఆ కాలం నడుస్తూ ఉండొచ్చు. దవడపన్ను హెచ్ అయితే చాలామందిలో దాటిపోయినట్టే.

ఉండొచ్చు అని ఊరికే అనలేదు. పళ్ళ దశకీ ఎముకల దశకీ గట్టి సంబంధం ఉందని ఎన్నో పేపర్లు కనిపిస్తాయి, అవి చదివి పొంగిపోకండి. రెండూ వయసుతో పెరిగేవే కదా, సంబంధం ఎందుకుండదు? పిల్లల ఎత్తుకీ చదివే క్లాసుకీ కూడా సంబంధం ఉంటుంది, అలాగని ఎత్తు చూసి వీడు ఎనిమిదా తొమ్మిదా అని చెప్పగలమా? పైగా హార్మోన్ల మాట ఎముక విన్నంతగా పన్ను వినదు. చాలా ముందుగా యుక్తవయసు వచ్చేసిన పిల్లల్లో ఎముకల వయసు పరిగెడుతుంది, పళ్ళు మాత్రం దాదాపు తమ నడకన తాము నడుస్తాయి. అందుకే నా లెక్కలో పన్ను ‘ఇంకా కాలేదు’ అని చెబితే నమ్ముతాను, ‘ఇప్పుడే’ అంటే నమ్మను. డి అయితే ఆర్నెల్ల తర్వాత రమ్మంటాను. ‘ఈ’ నుంచి పైకి ఏ దశైనా సెఫలోగ్రామ్ తీయిస్తాను. ఇదంతా కింది దవడను ముందుకు తెచ్చే ట్విన్ బ్లాక్ లాంటి క్లిప్పులు పెట్టాల్సిన, కింది దవడ వెనకబడ్డ పిల్లల సంగతి. పై దవడ వెనకబడి, దాన్ని ముందుకు లాగే ఫేస్‌మాస్క్ కావాల్సిన వాళ్ళకి ఈ ఆగడం పనికిరాదు, వాళ్ళని చిన్నప్పుడే పట్టుకోవాలి.

ఇంకో జాగ్రత్త. డెమిర్జియన్ దశల్ని వయసుగా మార్చే పట్టిక ఫ్రెంచ్ కెనడియన్ పిల్లలది. 1998లో దక్షిణ భారత పిల్లల మీద వాడి చూస్తే సుమారు మూడేళ్ళు ఎక్కువ చూపించింది. దశలు తీసుకోండి, పట్టిక వదిలేయండి.

ఇప్పుడు ఒక కేసు. పన్నెండేళ్ళ అమ్మాయి, కోరపన్ను జీ, రెండో దవడపన్ను ఎఫ్. పళ్ళ ప్రకారం మంచి సమయం. కానీ వాళ్ళమ్మని పక్కకి పిలిచి అడిగితే పెద్దమనిషై పది నెలలైందని చెప్పింది. అది మామూలుగా ఎదుగుదల శిఖరం దాటాకే జరుగుతుంది, కాబట్టి ఇక్కడ పళ్ళ మాట పక్కన పెట్టి, వెంటనే సెఫలోగ్రామ్ తీసి మెడ ఎముకలు చూడాలి. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడి అసలు సమయం పోగొట్టుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను.

రెండోది మీరు చేయండి. పదమూడేళ్ళ అబ్బాయి, కోరపన్ను ఎఫ్, దవడపన్ను ‘ఈ’, గొంతు ఇంకా మారలేదు, దసరాకి కొన్న ప్యాంటు సంక్రాంతికే పొట్టిదైంది. ఆర్నెల్లు ఆగమంటారా, ఫిల్ము తీయిస్తారా? కారణంతో సహా రాసి పెట్టుకోండి, నాలుగో భాగం అక్కడి నుంచే మొదలుపెడదాం.