ఎముకల మందులు నేర్చుకుందాం – 3వ పాఠం: వారానికో మాత్ర

పోయిన పాఠంలో డెక్సా రిపోర్టు, అంటే ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే స్కాన్ రిపోర్టు, చూడటం నేర్చుకున్నాం. అందులో మీ ఎముకను ఆరోగ్యవంతులైన యువతుల ఎముకతో పోల్చే అంకె, టి-స్కోరు, మైనస్ 2.5 గానీ, అంతకంటే కిందికి గానీ ఉంటే దాన్ని బోలు ఎముకల వ్యాధి అంటారని చెప్పుకున్నాం. ముట్లుడిగాక ఈ వ్యాధి వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి డాక్టర్లు మొదట రాసేది బిస్ఫాస్ఫొనేట్ మాత్ర, అంటే ఎముక కరగడాన్ని తగ్గించే మందు. ఇందులో రకాలున్నాయి. అలెండ్రోనేట్ అయితే మామూలుగా వారానికి 70 మిల్లీగ్రాములు, రైసెడ్రోనేట్ అయితే వారానికి 35. ఐబాండ్రోనేట్ నెలకొకసారి 150.

మాత్ర మింగడం నేర్చుకోవడానికి ఒక పాఠమా అంటారేమో. ఈ మాత్రకు కావాలి. 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ పరగడుపున, అన్నీ సక్రమంగా పాటించి వేసుకున్నా, రక్తంలోకి చేరేది అర మిల్లీగ్రాము కూడా ఉండదు. మిగతాదంతా పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది. ఆ కాస్తలోనూ సగం దాకా ఎముకను పట్టుకుని, ఎముకను కరిగించే కణాల జోరు తగ్గిస్తుంది. కాఫీతో వేసుకుంటే ఆ కాస్తలో కూడా సుమారు 60 శాతం పోతుంది. పాలతోనో, కాల్షియం బిళ్లతోనో కలిపితే దాదాపు ఏమీ మిగలదు, ఎందుకంటే మందు కాల్షియాన్ని కడుపులోనే అంటిపెట్టుకుంటుంది. నెలల తరబడి ఠంచనుగా మాత్ర వేసుకుంటూ కూడా మందు అందని మనిషి ఉండొచ్చన్నమాట. పైగా ఆమెకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఎముక పలచబడుతుంటే నొప్పి ఉండదు.

ఇక ఆ ఉదయం ఎలా గడవాలో చూద్దాం. వారంలో మీకు హడావిడి లేని రోజు ఒకటి ఎంచుకుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. నిద్ర లేచాక ఏమీ తినకముందు, తాగకముందు, ఇంకే మందూ వేసుకోకముందు మాత్ర తీయండి. కూర్చునో నిలబడో, పెద్ద గ్లాసు నిండా, అంటే 200 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా, మామూలు మంచినీళ్లతో మింగేయండి. ఖనిజాలు ఎక్కువున్న సీసా నీళ్లు వద్దు. నమలకూడదు, చప్పరించకూడదు. ఆ తర్వాత అరగంట నడుం వాల్చకూడదు. ఐబాండ్రోనేట్ అయితే గంట. ఈలోపు నీళ్లు తప్ప ఏమీ వద్దు. గడువు అయ్యాక కూడా ఏదో ఒకటి తినకుండా పడుకోకండి.

పడుకోవద్దని ఇంతగా ఎందుకంటున్నానంటే, ఈ మాత్ర అన్నవాహికలో ఆగిపోతే అక్కడి పొరను దెబ్బతీసి పుండు చేస్తుంది. చాలినన్ని నీళ్లు తాగితే కిందికి జారుతుంది, నిటారుగా ఉంటే మళ్లీ పైకి ఎగదన్నదు. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే పనైపోతుంది కదా అన్న ఆలోచన అందుకే ప్రమాదం. మింగుతుంటే నొప్పి, గొంతులో అడ్డుపడ్డట్టు ఉండటం, రొమ్ము ఎముక వెనక నొప్పి, కొత్తగా మొదలైన లేదా పెరిగిన గుండెల్లో మంట, వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర ఆపి డాక్టరుకు చెప్పండి.

నా సలహా ఒకటి. అసలు మాత్ర మొదలుపెట్టే ముందు ఒక ఉదయం ఉత్త నీళ్లతో రిహార్సల్ చేయండి. పొద్దున్నే కాఫీ లేకుండా అరగంట గడపడం కొందరికి మాత్ర కంటే పెద్ద పరీక్ష! నడుం నొప్పితో అరగంట కూర్చోలేని పరిస్థితి ఉంటే అదీ అప్పుడే బయటపడుతుంది. అలాంటప్పుడు మాత్రతో తంటాలు పడక్కర్లేదు, డాక్టరుతో చెబితే ఇంజెక్షన్ రూపంలో వేరే దారులున్నాయి.

పొద్దున వేసుకోవాల్సిన థైరాయిడ్ మాత్ర కూడా ఉందా? రెండూ ఒకేసారి నోట్లో వేసుకోకండి. ఏది ముందు, ఎంత ఎడం ఉండాలి అన్నది చీటీ మీద రాయించుకోండి. కాల్షియం మాత్రం ఆ రోజు మధ్యాహ్నానికో రాత్రికో జరిపేస్తే టెన్షన్ ఉండదు. ఇంకో మాట: రైసెడ్రోనేట్‌లో అల్పాహారం అయిన వెంటనే వేసుకోవాల్సిన రకం కూడా ఉంది. కాబట్టి పక్కింటావిడ పద్ధతి చూసి కాదు, మీ డబ్బాలోని కాగితం చూసి నడుచుకోండి.

మొదలుపెట్టే ముందు డాక్టరుకు తప్పక చెప్పాల్సినవి: కిడ్నీ సమస్య, రక్తంలో కాల్షియం తక్కువని తేలడం, మింగడంలో ఇబ్బంది, అన్నవాహిక ఇరుకు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు ఈ మాత్రలు సాధారణంగా ఇవ్వరు. కాల్షియం, విటమిన్ డి లోటు ఉంటే ముందు దాన్ని సరిచేస్తారు. పన్ను పీకించుకోవాల్సి ఉంటే ఆ పని ముందే ముగించుకోవడం మేలు. దవడ ఎముక మానకపోవడం అనే సమస్య ఈ మోతాదుల్లో చాలా అరుదు, కానీ పంటి డాక్టరుకు మీరు ఈ మందు వాడుతున్నట్టు తెలియాలి.

ఏళ్ల తరబడి వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది తొడ నొప్పి. దెబ్బేమీ తగలకుండా తొడలోనో గజ్జల్లోనో సన్నగా సలిపే నొప్పి వారాల తరబడి ఉంటే మోకాళ్ల నొప్పుల్లో కలిపేసి ఊరుకోకండి. అరుదుగానైనా, తొడ ఎముకలో సన్నని చీలిక పడుతూ ఉండొచ్చు. ఎక్స్‌రే తీయించమని అడగండి. సుమారు ఐదేళ్లయ్యాక ఇంకా కొనసాగించాలా, కొంతకాలం ఆపాలా అని డాక్టరు తిరిగి లెక్క చూస్తారు. మందు ఎముకలో ఏళ్లపాటు నిలిచి ఉంటుంది కాబట్టి ఈ మాత్రల విషయంలో అలా విరామం ఇవ్వగలుగుతారు. వచ్చే పాఠంలో చెప్పుకోబోయే ఆరు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ డెనోసుమాబ్ అలా కాదు. దాన్ని ఉన్నట్టుండి మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు అభ్యాసం. మీ మాత్ర రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనమయ్యాక గుర్తొచ్చింది. ఏం చేస్తారు? జవాబు కింద ఉంది, చూడకుండా ముందు మీరే రాసుకోండి.

రెండో ప్రశ్న: నెలకొకసారి వేసుకునే ఐబాండ్రోనేట్ మరచిపోయారు. తర్వాతి మాత్రకు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఇప్పుడు?

మొదటిదానికి జవాబు: ఆదివారం వదిలేయండి. సోమవారం ఉదయం పరగడుపున ఒక్క మాత్ర వేసుకుని, వచ్చే ఆదివారం నుంచి మళ్లీ మామూలే. ఒకే రోజు రెండు మాత్రలు ఎప్పుడూ వద్దు. రెండోదానికి: తర్వాతి మాత్రకు ఏడు రోజుల కంటే ఎక్కువ గడువుంటేనే మర్నాటి ఉదయం వేసుకోవాలి. నాలుగే రోజులు కాబట్టి ఆగి, అసలు తేదీనే వేసుకోండి.